కుడి చెయ్యి కదిలిన చోటు

మా భవనంలో మూడో అంతస్తులో ఉండే ఆయన్ని అందరూ సోఫా మాస్టారు అంటారు. నేను మాత్రం అన్నా అని పిలుస్తాను. సొంత అన్నేమీ కాదు. నేను వడ్రంగిని, కింద వాటాలో ఉంటాను. సోఫాకి చెక్క చట్రం నేను చేసిస్తే, దానికి స్ప్రింగులు బిగించి, స్పాంజి పరిచి, పైన గుడ్డ లాగి కొట్టేది ఆయన. ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకటే బేరం, ఒకటే టీ కొట్టు.

పనిలో ఉన్నప్పుడు ఆయన్ని చూసి తీరాలి. నోటినిండా చిన్న మేకులు పోసుకునేవాడు. నాలుకతో ఒక్కో మేకునీ తిప్పి, తల ముందుకొచ్చేలా పెదవుల మీదికి తెచ్చేవాడు. ఎడం చెయ్యి గుడ్డని లాగి పట్టుకుంటే కుడి చెయ్యి సుత్తితో టకటకా దిగేసేది. ఆ సమయంలో ఎవరేం అడిగినా "ఊఁ" తప్ప జవాబుండదు. "మీ అన్నతో పోట్లాడాలంటే మేకులు అయిపోయేదాకా ఆగాలి మరిదీ. అప్పటికి నా కోపం చల్లారిపోతుంది" అని మా వదిన నవ్వేది.

ఆ మనిషికి పక్షవాతం వచ్చింది.

భోజనం క్యారియర్ పట్టుకుని వదిన సోఫాల కొట్టుకి వెళ్ళేసరికి లోపల ఎవరూ కనబడలేదట. కొట్టులో కూడా పనిచేసే అన్న తమ్ముడు సరుకు తేవడానికి వెళ్ళాడు. ఫ్యాను తిరుగుతోంది, రేడియో మోగుతోంది. టీ తాగడానికి వెళ్ళుంటాడనుకుని క్యారియర్ బల్ల మీద పెట్టి కాసేపు కూర్చుంది కూడా. సగం కట్టిన పెద్ద సోఫా వెనక నుంచి ఏదో గీరుకున్న చప్పుడైతే లేచి చూసింది. అన్న నేల మీద పడి ఉన్నాడు. చుట్టూ మేకులు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆవిణ్ణి చూస్తూనే ఉన్నాయి. నోట మాట లేదు. ఎడం కాలి మడమ ఒక్కటే నేలకేసి గీరుకుంటోంది.

"నేను అక్కడే కూర్చున్నాను మరిదీ. ఆయన అక్కడ పడుంటే నేను చల్లగా ఫ్యాను కింద కూర్చున్నాను" అని ఆవిడ ఆసుపత్రి వరండాలో నాతో అంది. తర్వాత ఇంకెన్నిసార్లు అందో నేను లెక్కపెట్టలేదు. ఆ తర్వాత జరిగినవన్నీ అర్థం కావాలంటే ఈ మాట గుర్తుండాలి.

ప్రాణం దక్కింది. మాట కూడా వచ్చింది, కాకపోతే ప్రతి పదాన్నీ మెట్టు మీద నుంచి దింపుతున్నట్టు నెమ్మదిగా వచ్చేది. కొన్నాళ్ళకి కర్ర పట్టుకుని నడిచాడు. కుడి చెయ్యి మాత్రం వెనకబడిపోయింది. భుజం లేచేది, మోచెయ్యి కొంచెం మడిచేవాడు, వేళ్ళు సగం ముడుచుకుని ఉండేవి.

మా భవనానికి లిఫ్టు లేదు. మూడంతస్తుల మెట్లు. ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే నేనొక పక్క, ఆయన తమ్ముడొక పక్క పట్టుకుని దింపాలి. తక్కిన రోజులన్నీ కిటికీ పక్కన కుర్చీలోనే. ఆ కుర్చీ చట్రం నాది, కుట్టు ఆయనది. "నీ పనితనం ఎంత బాగుందో ఇప్పుడు తెలుస్తోంది అన్నా, లేవబుద్ధి కావట్లేదు కదా" అని ఒకసారి హాస్యమాడాను. నవ్వలేదు. అప్పటినుంచీ కుర్చీల మాట ఎత్తడం మానేశాను.

వదిన స్కూల్లో లైబ్రరీ చూసుకునేది. మానేసింది. ఎవరూ మానమనలేదు. పొద్దున లేచింది మొదలు ఆయన బ్రష్షు మీద పేస్టు ఆవిడే వేసేది, మొహం తుడిచేది, చొక్కా తొడిగేది, బొత్తాలు పెట్టేది. పళ్ళెం ముందు పెట్టి చెంచాతో తినిపించేది. ఎడం చెయ్యి బాగానే ఉంది, తను తినగలడు. అయినా మీద పోసుకుంటాడని ఆవిడకి భయం. ఆయన గొంతు సవరించుకుంటే మంచినీళ్ళు వచ్చేవి. తల తిప్పితే "ఏం కావాలండీ?" అనే మాట వచ్చేది.

"ఏమీ వద్దు" అని చెప్పడానికి ఆయనకి పట్టే సమయంలో ఆవిడ రెండు మూడు వస్తువులు తెచ్చి ముందు పెట్టేసేది.

అలాంటి రోజుల్లోనే ఆ పట్టీలు ఇంట్లోకి వచ్చాయి.

అన్న కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. చురుకైన పిల్ల. ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయి ఏదో పరిశోధన చేస్తోందని తెలిసి, నాలుగైదుసార్లు తిరిగి వాళ్ళ నాన్నని అందులో చేర్పించింది. ఫిజియో అమ్మాయే ఇంటికొచ్చి అన్నీ తొడిగింది. రెండు చేతులకీ గడియారాల్లాంటి రెండు నల్ల పట్టీలు, నడుం దగ్గర అగ్గిపెట్టెంత బిళ్ళ.

"అంకుల్, ఆసుపత్రిలో నేను చూసేది కాసేపే. అక్కడ మీరు కప్పు ఎత్తుతారు, చెక్క పుల్లలు కన్నాల్లో పెట్టి తీస్తారు. ఇంటికొచ్చాక ఆ చెయ్యి ఏం చేస్తోందో నాకు తెలీదు. ఈ పట్టీల్లో సెన్సర్లున్నాయి. ఏ చెయ్యి ఎప్పుడు ఎంత కదిలిందో రాసుకుంటాయి. కుడి చెయ్యి చాలాసేపు ఊరికే ఉంటే సన్నగా వణుకుతుంది, అంటే కొంచెం వాడండీ అని గుర్తుచేస్తుందన్నమాట. నడుం దగ్గరున్నది మీరు పడిపోతే ఇంట్లోవాళ్ళ ఫోనుకి కబురు పెడుతుంది."

అన్న పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "స్నానానికి?"

"తియ్యక్కర్లేదు అంకుల్. తడిసినా ఏం కాదు."

"నిద్రలో?"

"అప్పుడూ ఉంచుకోవచ్చు."

అన్న కుడి చేతి పట్టీని సర్దుకున్నాడు. వదిన మొహం మాత్రం వెలిగిపోయింది. పడిపోతే ఫోను మోగుతుందన్న ఒక్క మాట చాలు ఆవిడకి.

మొదట్లో బాగానే ఉంది. నాకూ వింతగానే ఉండేది. కూతురి ఫోనులో రోజు మొత్తం లెక్కకి రెండు రంగుల గీతలు, నీలం ఎడం చేతిది, నారింజ కుడి చేతిది. నీలం గీత ఇంటికప్పంత లేస్తే నారింజ గీత నేలనంటుకుని ఉండేది. పట్టీ వణకడమే ఆలస్యం, ఇంట్లో గోల మొదలు.

"ఏమండీ, చెయ్యి!"

"నాన్నా, చెయ్యి!"

నేను మాట్లాడుతూ మాట్లాడుతూ "అన్నా, చెయ్యి" అనేవాణ్ణి. పేపరు వేసేవాడు కూడా ఒకసారి అన్నాడు.

అన్న కుడి చేతిని ఒళ్ళోంచి కాస్త లేపి మళ్ళీ ఒళ్ళో పెట్టుకునేవాడు. అది కదలికే, సెన్సరుకి చాలు. కానీ ఫిజియో అమ్మాయి అమాయకురాలు కాదు. "ఇది ఊపడం అంకుల్, వాడటం కాదు. నాకు తేడా తెలుస్తుంది" అని మెత్తగానే చెప్పింది.

ఒకరోజు నా ముందే ఒక సంగతి జరిగింది. బల్ల మీద దువ్వెన ఉంది. అన్న మాటల్లో పడి, కుడి చేత్తో దాన్ని అందుకున్నాడు. వేళ్ళు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, దువ్వెన లేచింది. వదిన చూసింది.

"అయ్యో! అయ్యో, చూశావా మరిదీ! ఏదీ, ఇంకోసారి! ఉండండుండండి, ఫోను తెస్తాను!"

పక్క వాటావాళ్ళని పిలిచింది. కూతురికి వీడియో ఫోను కలిపింది. అందరూ గుండ్రంగా నిలబడ్డారు. దువ్వెన మళ్ళీ బల్ల మీద పెట్టారు. అన్న చెయ్యి చాపాడు. వేళ్ళు తెరుచుకోలేదు. భుజం బిగుసుకుపోయి, మోచెయ్యి పక్కకి తేలి, దువ్వెన జారి కింద పడింది. ఎవరో "పర్లేదు పర్లేదు" అన్నారు. వదిన నవ్వు మొహం అలాగే ఉంచుకుని దువ్వెన తీసి, ఆయన తల తనే దువ్వేసింది. నేను ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూశాను, అన్న కూడా చూశాడు.

ఆ రోజు నుంచి ఆయన మా ఎదుట ఏ వస్తువునీ కుడి చేత్తో ముట్టుకోలేదు.

ఇంట్లో ఆయనకంటూ మిగిలింది బాత్రూం ఒక్కటే. పొద్దున వెళ్ళి గడియ పెట్టుకుంటే ఎంతకీ వచ్చేవాడు కాదు. కుళాయి విప్పి ఉన్న చప్పుడు వినిపించేది. వదిన వంటింట్లోంచి "అయిందా?" అనేది. కాసేపాగి "అయిందా అండీ?" అని తలుపు దగ్గరికి వచ్చేది. లోపల్నుంచి "ఊఁ". మేకులు నోట్లో ఉన్నప్పటి "ఊఁ" లాగానే ఉంటుందని ఆవిడే చెప్పి నవ్వింది.

ఒక ఉదయం నేను చెక్కకి చిత్రిక పడుతుంటే పైనుంచి వదిన కేకలు. చిత్రిక చేతిలో ఉండగానే పరిగెత్తాను. పైన వదిన ఫోను చేత్తో పట్టుకుని బాత్రూం తలుపు బాదుతోంది. ఫోను ఆగకుండా కూస్తోంది. ఆయన పడిపోయినట్టు నడుం దగ్గరి బిళ్ళ కబురు పెట్టింది. దుకాణం నుంచి కూతురు కూడా ఫోను మీద ఫోను చేస్తోంది.

"ఏమండీ! ఏమండీ! పలకండీ!"

లోపల కుళాయి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"పగలగొట్టు మరిదీ. నిలబడి చూస్తావేం, పగలగొట్టు!"

భుజంతో రెండుసార్లు గుద్దాను. గడియ బిగించిన మరలు చెక్కతో సహా ఊడొచ్చాయి. తలుపు గోడకి కొట్టుకుంది.

అన్న ప్లాస్టిక్ పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందు బకెట్టు, కుళాయి కింద నీళ్ళు నిండి పొర్లుతున్నాయి. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒళ్ళో తడి గుడ్డేదో ఉంది. పడలేదు. కాలు తూలి పీట మీద దబ్బున కూలబడ్డాడంతే. బిళ్ళ దాన్ని పడటం అనుకుంది. ఆ తర్వాత కదలకుండా కూర్చునేసరికి దాని అనుమానం గట్టిపడింది.

"పలకరేం! ఇంతసేపు పిలుస్తుంటే పలకరేం!" వదిన ఏడుస్తూ ఆయన భుజాలు పట్టుకుని ఊపేసింది.

ఆయన నోరు తెరిచాడు. మాట రావడానికి ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టింది. "రోజూ... పిలుస్తావు కదా" అన్నాడు.

కూతురు పని మధ్యలో వదిలేసి వచ్చేసింది. ఆ సాయంత్రం తలుపు బాగుచెయ్యమని నన్నే పిలిచారు. పగిలిన చోట చెక్క అతుకు వేసి, కొత్త గడియ కోసం సంచీలో వెతుకుతుంటే వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గడియ వద్దు."

నేను అన్న వైపు చూశాను. కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఎదురుగా ఇంకో భవనం గోడ తప్ప కిటికీలోంచి కనబడేదేమీ లేదు.

"అన్నా, ఏమంటావు?" అన్నాను.

"ఆయన్ని అడుగుతావేం బాబాయ్?" అంది కూతురు. "ఇప్పుడు పడలేదు సరే. రేపు నిజంగా పడితే? నువ్వు ఇంట్లో లేకపోతే?"

గడియ లేకుండానే తలుపు బిగించాను.

ఆ మర్నాటి నుంచి తలుపు కొంచెం తెరిచి ఉంచి, బయట పీట వేసుకుని కూర్చునేది వదిన. ఆయనకి విసుగు పుట్టకుండా ఆ మాటా ఈ మాటా చెప్పేది. పాపం, కావాలనే సరదా సంగతులు ఏరుకుని చెప్పేది. అన్న త్వరత్వరగా బయటికి వచ్చేసేవాడు. తక్కిన రోజంతా కుర్చీలో. మాట తగ్గిపోయింది. నేను వెళ్ళినా మొహం తిప్పి చూసేవాడు కాదు. కూతురు తెచ్చిన రబ్బరు బంతి ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండేవాడు, పట్టీ వణికినా పట్టించుకునేవాడు కాదు. చేతికి కట్టిన ఈగ అనేవాడు దాన్ని.

ఆసుపత్రికి వెళ్ళే రోజు వచ్చింది. సామాను బండిలో నేనే తీసుకెళ్ళాను. అందరం ఫిజియో అమ్మాయి గదిలో కూర్చున్నాం. అద్దాల గది, గోడ మీద మనిషి కండరాల బొమ్మ, బల్ల మీద పెద్ద తెర. ఆ అమ్మాయి తెర తిప్పి చూపించింది.

"అంకుల్, నాకొక సంగతి అర్థం కావట్లేదు. ఇది చూడండి. మొదటి వారాల్లో రోజంతా నారింజ గీత కిందే ఉంది. కానీ ప్రతిరోజూ పొద్దున పూట ఒకచోట పైకి లేచింది. మామూలుగా ఊపడం కాదిది. పట్టుకోవడం, పిండటం, తిప్పడం, మళ్ళీ పట్టుకోవడం. ఆసుపత్రిలో నా దగ్గర కూడా మీరు ఇంతసేపు చెయ్యలేదు. చెయ్యి నిజంగా దారిలో పడుతోందని నేను ఎంత సంతోషించానో. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు. ఆ సమయంలో ఏం చేసేవారు?"

అన్న తెర మీంచి చూపు తిప్పేసుకున్నాడు. మెడ కింద నుంచి చెవులదాకా ఎర్రబడ్డాడు.

"నాన్నా, అడుగుతోంది కదా, చెప్పు" అంది కూతురు.

వదిన తెర దగ్గరికి వంగి, కింద ఉన్న గంటల అంకెలు చదువుకుంటోంది. "ఆ సమయంలో... ఆయన బాత్రూంలో ఉంటారమ్మా" అంది. ఆ మాట పూర్తవుతుండగానే తనకే అర్థమైంది. వెనక్కి జరిగి కూర్చుంది.

"లోపల ఏం చేసేవారు?" అని ఆయన్ని అడిగింది.

"చేతిగుడ్డ ఉతికేవాణ్ణి" అన్నాడు అన్న. "పిండేవాణ్ణి. చొక్కా విప్పి... మళ్ళీ బొత్తాలు పెట్టుకునేవాణ్ణి. సబ్బు జారితే... మళ్ళీ తీసేవాణ్ణి."

"ఇంట్లో చెయ్యకూడదా అవి? నా ముందు చెయ్యకూడదా?"

అన్న జవాబు చెప్పలేదు. చెప్పలేక కాదని గదిలో అందరికీ తెలిసింది.

"అంటే నేను లేని చోటే మీ చెయ్యి కదులుతుందన్నమాట" అంది వదిన. గొంతు పెంచలేదు. సంచీ తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. అద్దంలోంచి చూస్తే వరండాలో గోడకి ఆనుకుని నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

నాకప్పుడు ఎవరి మీద జాలిపడాలో తెలియలేదు. ఉద్యోగం మానుకుని, నిద్ర మానుకుని ఒక మనిషిని కనిపెట్టుకుని కూర్చున్న ఆవిడకి, నువ్వు పక్కనుండటమే అడ్డు అని ఒక గీత చెప్పింది. ఇక అన్న సంగతి... దాచుకున్న ఒక్క పనినీ అందరి ముందూ తెర మీద పరిచేశారు. అది మంచి పనే. అయినా దొంగతనం దొరికినవాడిలా తలొంచుకు కూర్చున్నాడు.

ఫిజియో అమ్మాయి వదినని లోపలికి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆంటీ, తప్పు మీది కాదు. చాలా ఇళ్ళల్లో ఇంతే. చెయ్యి రావాలంటే దానికి పని మిగలాలి, తప్పులు చేసే చోటు కూడా మిగలాలి. కొంచెం తక్కువ సాయం చెయ్యండి, అంతే" అంది.

వదిన ఆ మాటని తలకెత్తుకుంది, కాకపోతే కోపంతో. ఇంటికొచ్చాక గడియ నాచేతే పెట్టించింది. ఆ తర్వాత పేస్టు వెయ్యలేదు, చొక్కా తొడగలేదు. పళ్ళెం బల్ల మీద ఠపీమని పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. ఆయన ఒక బొత్తం తప్పు కన్నంలో పెట్టుకుని పొద్దంతా అలాగే తిరిగాడు. "ఫిజియో అమ్మాయి చెప్పిందిగా" అనేది వదిన, ఎవరితోనో అన్నట్టు. మూడంతస్తుల మీద ఇద్దరు మనుషులు, మధ్యలో మాట లేదు. నేను వెళ్తే ఇద్దరూ నాతోనే మాట్లాడేవాళ్ళు. ఆ ఇంట్లో నేను టెలిఫోను తీగలా ఉండేవాణ్ణి.

గడియ అయితే వచ్చింది కానీ లోపలి చోటు తిరిగి రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక, గీత ఎప్పటికప్పుడు కనబడేలా కూతురు తన ఫోనులో పెట్టించుకుంది. ఒక ఉదయం అన్న లోపలుండగా నా ఫోను మోగింది, ఆ పిల్లే. "బాబాయ్, నాన్న లోపలున్నాడు కదా? గీత ఎంత బాగా లేస్తోందో! బయటికి రాగానే శభాష్ అన్నానని చెప్పు!" సంబరంగా ఉంది పిల్ల గొంతు. దుకాణంలో కూర్చుని వాళ్ళ నాన్న చేతిగుడ్డ పిండుతుంటే చూస్తోంది. నేను తెలివితక్కువగా ఆ మాట ఆయనకి చేరవేశాను.

అన్న చాలాసేపు తన రెండు మణికట్లూ చూసుకున్నాడు. "గడియ... లోపల పెట్టుకున్నాను అనుకున్నాను" అన్నాడు. "ఇది నాతోనే వస్తోంది."

మర్నాడు లోపలికి వెళ్ళేముందు పట్టీలు రెండూ, నడుం దగ్గరి బిళ్ళ, అన్నీ విప్పాడు. ఎడం చేతి పట్టీ విప్పాలంటే కుడి చేతి వేళ్ళే కావాలి. గుమ్మం దగ్గర నిలబడి, పళ్ళూ వేళ్ళూ కలిపి తంటాలుపడి విప్పాడు. వాషింగ్ మెషీన్ మీద వరసగా పెట్టాడు. వదిన వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. ఆయన లోపలికి వెళ్ళి గడియ వేసుకున్నాడు.

ఆ సాయంత్రం కూతురు వచ్చి విరుచుకుపడింది.

"ఎందుకు తీశావు? అవి తీస్తే ఆ సమయంలో నువ్వు చేసింది ఎక్కడా పడదు. చెయ్యి కదల్లేదనే రాసుకుంటారు. నేను ఎంతమందిని బతిమాలి చేర్పించానో తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"నువ్వు చూస్తున్నావు."

"చూడకూడదా నేను? నాన్నా, ఆ రోజు నువ్వు కొట్టులో పడిపోయినప్పుడు నేను అక్కడికి రెండు వీధుల అవతలున్నాను. నవ్వుతూ ఎవరికో కళ్ళజోడు చూపిస్తున్నాను. ఎవరం చూడలేదు నిన్ను! ఇప్పుడు చూస్తున్నానని..." ఫోను బల్ల మీద పడేసి ఆయన పక్కన కూలబడింది.

అన్న ఎడం చెయ్యి చాపి ఆ పిల్ల తల మీద పెట్టాడు. మాటలు కూడదీసుకుంటున్నాడని తెలిసి మేమంతా ఆగాం. "పడిపోతే చూడు తల్లీ. పడకుండా ఉన్నప్పుడు కూడా చూస్తే... నాకు పడినట్టే ఉంటోంది."

ఫిజియో అమ్మాయికి ఫోను చేసి నిజం చెప్పేశాడు. ఆ అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. పట్టీలు పూర్తిగా పెట్టుకోకపోతే ఆయన వివరాలు పరిశోధనలో కలవవని, పైకి చూస్తే ఆయన బాగుపడనివాడిగా కనబడతాడని ఉన్నదున్నట్టు చెప్పింది. అన్న "కనబడనీ" అన్నాడు. చివరికి ఆ అమ్మాయి, పని మాత్రం మానొద్దని, నెలకోసారి వచ్చి చెయ్యి తనకి చూపించాలని మాట తీసుకుంది.

ఇక మిగిలింది వదిన భయం. బిళ్ళ కూడా బయటే ఉంటుంది కాబట్టి లోపల పడితే ఎవరికీ తెలియదు. దానికి నేనొక దారి చూశాను. బయటి వైపు సన్నటి గాడి ఉండే గడియలు దొరుకుతాయి, నాణెం పెట్టి తిప్పితే లోపలి గడియ తెరుచుకుంటుంది. అది తెచ్చి బిగించాను. వదిన బయట నిలబడి ఒకసారి తిప్పి చూసింది. తెరుచుకుంది. "సరే" అంది.

అన్న అంత సంతోషపడలేదు. బయటనుంచి తెరవగలిగేది ఏం గడియ అని ఆయన ఉద్దేశం. అయినా లోపలికి వెళ్ళి దాన్నే వేసుకున్నాడు. మొదటి రోజుల్లో కుళాయి ఆపేసి, తలుపు అవతల ఆవిడ అడుగుల చప్పుడు వినేవాడట. వచ్చేది, నిలబడేది, నాణెం గాడికి తగిలిన టిక్కుమనే చప్పుడు కూడా ఒకసారి వినబడిందట. తర్వాత అడుగులు వెనక్కి వెళ్ళిపోయేవి. తెరవలేదు. "అయిందా?" అనడం కూడా క్రమంగా తగ్గిపోయింది. తలుపు అవతల నిలబడి ఊరుకోవడం ఆవిడకి ఎంత కష్టమో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. నాతో ఒకసారి అన్నాడు. "నా చేతికన్నా... మీ వదినకే ఎక్కువ వ్యాయామం."

పరిశోధన ముగిశాక పట్టీలు తిరిగి ఇచ్చేశారు. ఆయన వివరాలు కలపలేదు. ఫిజియో అమ్మాయి దాపరికం లేకుండా చెప్పింది. ఆ కాగితాల్లో అన్న చెయ్యి బాగుపడలేదు, నిజానికి అన్న అందులో లేనే లేడు.

చెయ్యి పూర్తిగా రాలేదు. అదీ నిజమే. సుత్తి పట్టుకోలేడు. ఒకటి రెండుసార్లు మెట్లు దిగి కొట్టుకి వచ్చాడు. తమ్ముడు గుడ్డ కొడుతుంటే ఒక అంచు లాగి పట్టుకున్నాడు, కుడి చేత్తోనే. కాసేపటికి వేళ్ళు వదిలేశాయి, గుడ్డ ముడతపడింది. తమ్ముడు మేకు పీకి, "నువ్వు కూర్చో అన్నయ్యా" అని, కొనడానికి వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ చూపించాడు. ప్రేమగానే అన్నాడు. అన్న ఆ కుర్చీలో కాసేపు కూర్చుని, నన్ను పిలిచి ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. మెట్లెక్కేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఆగాడు. మూడో అంతస్తు చేరాక, "మళ్ళీ దిగాలంటే భయమేస్తోంది రా" అన్నాడు. కాళ్ళ గురించి కాదని నాకు తెలుసు. ఈమధ్య దిగడం తగ్గించేశాడు.

వదిన మళ్ళీ లైబ్రరీకి వెళ్తోంది, ఒక పూట పని. వెళ్ళేటప్పుడు అన్నీ ఆయన చేతికందేలా సర్దిపెట్టాలని ఆవిడ చేతులు లాగుతాయి. కొన్ని సర్దుతుంది, కొన్ని వదిలేస్తుంది. ఏవి వదిలెయ్యాలో ఇద్దరూ రోజూ పోట్లాడుకుంటారు. మాటలైతే నడుస్తున్నాయి.

మొన్న నేను వెళ్ళేసరికి ఆయన ఒక్కడే ఉన్నాడు. టీ పోస్తానన్నాడు. ఫ్లాస్కు మూత కుడి చేత్తో తిప్పుతున్నాడు. మూత రావట్లేదు. నా చేతులు ఊరుకోవట్లేదు, తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి భవనం గోడ మీద ఎవరో తాడు కట్టుకుని వేలాడుతూ సున్నం వేస్తున్నారు. వాళ్ళ సంగతి, బల్లచెక్క ధరల సంగతి, ఏవేవో మాట్లాడాను. వింటూనే తిప్పుతున్నాడు. చాలాసేపటికి మూత వచ్చింది. రెండు గ్లాసుల్లో పోశాడు. సగం బల్ల మీద ఒలికింది.

నేను గుడ్డ కోసం లేవబోతే కళ్ళతోనే కూర్చోమన్నాడు. అప్పటికి కుడి చెయ్యి అలిసిపోయి వణుకుతోంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎడం చేత్తో బల్ల తుడిచాడు.

"తాగు" అన్నాడు.

చల్లారిపోయింది. తాగాను.